రబ్బరు బ్యాండుతో పరిగెత్తే బండి: మొదటిసారి చేసేవాళ్ల కోసం

మా వైపు పిల్లల మొదటి బండి తాటి బుర్రలదే. ముంజల సీజన్‌లో ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో ముంజలు కొట్టి అమ్మేవాళ్ల పక్కన ఖాళీ బుర్రలు గుట్టలుగా పడుంటాయి. వాటిలో గుండ్రంగా ఉన్నవి రెండు ఏరుకొచ్చి, మధ్యలో పుల్ల గుచ్చి, ఆ పుల్లను పంగల కర్రతో తోసుకుంటూ పరిగెడితే అదే బండి, అదే బస్సు, అదే లారీ. పోయిన వేసవిలో మా అక్క కొడుకు సెలవులకు వచ్చాడు, ఏడో తరగతి పూర్తి చేశాడు. వాడికి ఆ బండి చేసిచ్చాను. రెండు రోజులు తోశాడు, మూడో రోజు వచ్చి "మామా, తోయకుండా దానంతటదే పోయే బండి చేద్దాం, బ్యాటరీ కూడా వద్దు" అన్నాడు.

అట్లా మొదలైంది ఈ రబ్బరు బ్యాండు బండి. మొదటిది కదల్లేదు. రెండోది జానెడు పోయి ఆగి, వెనక్కి వచ్చింది. మూడోది మా హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పోయి గోడకు తగిలింది, వాడు వేసిన కేకకు వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. మీరు మొదటిదే పరిగెత్తే బండిగా చేసుకోవాలని ఇదంతా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ బండి చేసే ప్రతివాళ్ల కళ్లూ రబ్బరు మీదే ఉంటాయి. పోకపోతే ఇంకో రబ్బరు, ఇంకా లావు రబ్బరు. కానీ పని అంతా ఇరుసు దగ్గర ఉంది. ఇరుసు తేలిగ్గా తిరిగితే కొత్తిమీర కట్టకు వేసే రబ్బరు చాలు, బిగిసిపోతే లావు రబ్బరు వేసినా బాడీ వంగుతుంది తప్ప బండి కదలదు. అందుకే నేను రబ్బరు గురించి తక్కువా ఇరుసు గురించి ఎక్కువా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఏమేం కావాలంటే

ఒక మందపాటి అట్టపెట్టె, ఫ్యాన్‌కో మిక్సీకో వచ్చినదైతే బాగుంటుంది. పాత సీడీలు గానీ డీవీడీలు గానీ నాలుగు, ఇంట్లో బీరువా కింద అరలో పెళ్లి వీడియోలు కాకుండా పనికిరానివి వెతకండి, లేకపోతే కంప్యూటర్ రిపేర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. బార్బెక్యూ పుల్లలని ప్యాకెట్లో అమ్మే గుండ్రటి వెదురు పుల్లలు రెండు, 3 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. ఆ పుల్లలు లోపల పట్టే గొట్టం. రబ్బరు బ్యాండ్లు నాలుగైదు. ఒక చిన్న కేబుల్ టై, ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. నాలుగు పూసలు, పుల్ల దూరేంత బెజ్జం ఉన్నవి. కట్టర్, స్కేలు, వృత్తలేఖిని, మూలమట్టం, పిల్లల జామెట్రీ బాక్సులో ఉన్నవే చాలు. అతికించడానికి గ్లూ గన్ ఉంటే మంచిది, లేకపోతే ఫెవికాల్, కానీ అది ఆరేదాకా ఆగాలి.

గొట్టం సంగతి కొంచెం చెప్పాలి. పాత వీడియోల్లో అందరూ ప్లాస్టిక్ స్ట్రా వాడతారు. మన దేశంలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం ఉంది, ఇప్పుడు కొట్లో అడిగితే కాగితం స్ట్రానే ఇస్తారు. కాగితం స్ట్రా పనికొస్తుంది, కాకపోతే తడి తగిలితే మెత్తబడుతుంది, ఫెవికాల్ ఎక్కువ పూసినా అంతే. జ్యూస్ ప్యాకెట్టుతో వచ్చే సన్న కాగితం స్ట్రా అయితే 3 మిల్లీమీటర్ల పుల్లకు సరిగ్గా సరిపోతుంది. నాకు మాత్రం అయిపోయిన బాల్‌పెన్ను గొట్టం అన్నిటికన్నా నచ్చింది, నున్నగా ఉంటుంది, వంగదు. ఏది తీసుకున్నా ఒకటే పరీక్ష: పుల్లను లోపల పెట్టి గొట్టాన్ని నిలువుగా పట్టుకుంటే పుల్ల దానంతటదే జారిపోవాలి, అట్లాగని లోపల లొడలొడలాడకూడదు.

బాడీ

అట్టను 22 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా రెండు కోసి ఒకదాని మీద ఒకటి అతికించండి. అట్ట లోపల గీతల్లాగా సన్నటి కాలవలు ఉంటాయి కదా, అవి బండి పొడవునా ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. రబ్బరు లాగేది పొడవు వైపే కాబట్టి కాలవలు అడ్డంగా ఉంటే బాడీ విల్లులా వంగిపోతుంది. ఫెవికాల్ పూసి మీద నాలుగు లావు పుస్తకాలు పెట్టి అరగంట వదిలేయండి.

ఆరాక వెనక వైపు మధ్యలో ఒక గాడి కోయాలి, 3 సెంటీమీటర్ల వెడల్పు, లోపలికి 4 సెంటీమీటర్లు. వెనక నుంచి చూస్తే బాడీకి రెండు కాళ్లు వచ్చినట్టు ఉంటుంది. రబ్బరు చుట్టుకునేది ఈ ఖాళీలోనే. కట్టర్‌తో కోసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి, చిన్నపిల్లలైతే పెద్దవాళ్లే కోయాలి. ఒకే గీతలో తెగాలని గట్టిగా నొక్కకండి, అదే గీత మీద నాలుగుసార్లు తేలిగ్గా లాగితే అట్ట తెగుతుంది, వేలు తెగదు.

ఇరుసులు, ఇక్కడ తొందరపడొద్దు

బాడీని బోర్లా తిప్పండి. వెనక అంచు నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర ఒక అడ్డగీత, ముందు అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్ల దగ్గర ఇంకో అడ్డగీత. కంటితో చూసి గీయొద్దు. మూలమట్టం ఒక వైపు అంచుకు ఆనించి గీయండి, తర్వాత రెండు గీతల మధ్య దూరం కుడి వైపు ఒకసారి, ఎడమ వైపు ఒకసారి కొలవండి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా చెరిపేసి మళ్లీ గీయండి. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా అంటే నాలుగు మీటర్లు పోయేసరికి బండి సోఫా కిందకి పోవడమే.

ముందు ఇరుసుకు 8 సెంటీమీటర్ల గొట్టం ఒకటే ముక్క. వెనక మధ్యలో గాడి ఉంది కాబట్టి రెండు కాళ్లకు రెండు చిన్న ముక్కలు, రెండేసి సెంటీమీటర్లవి. చాలామంది చేసే తప్పు ఏంటంటే ఈ రెండు ముక్కల్నీ విడివిడిగా అతికించి తర్వాత పుల్ల దూరుస్తారు. ఎంత జాగ్రత్తగా అతికించినా రెండూ ఒకే వరసలో రావు, పుల్ల లోపల ఒరుసుకుంటూ ఉంటుంది. అట్లా కాకుండా ముందే రెండు ముక్కల్నీ పుల్లకు ఎక్కించండి, పుల్లతో సహా గీత మీద పెట్టండి, అప్పుడు అతికించండి. పుల్లే స్కేలు లాగా పనిచేసి రెండింటినీ వరసలో పెడుతుంది. జిగురు పట్టుకునేదాకా పుల్లను మెల్లగా తిప్పుతూ ఉండండి.

ఇంకో జాగ్రత్త, ఇది మాకు జరిగింది కాబట్టి చెప్తున్నాను. మా మొదటి బండికి త్వరగా అతుక్కుంటుందని ఫెవిక్విక్ వేశాం. అది నీళ్లలా పలచగా ఉంటుంది, సందు దొరికితే లోపలికి పాకుతుంది. గొట్టం చివర నుంచి లోపలికి పోయి పుల్లనూ గొట్టాన్నీ కలిపి అతికించేసింది. బయటికి చూస్తే అంతా బాగానే ఉంది, బండి మాత్రం కదలదు, మావాడు "రబ్బరు చాలదు మామా" అంటూ ఇంకో రెండు వేశాడు, అప్పుడు బాడీ మడత పడింది. అందుకే గొట్టం దగ్గర గ్లూ గన్ గానీ ఫెవికాల్ గానీ వాడండి, అదీ గొట్టం మధ్యలో మాత్రమే, చివర్లకు రాకుండా.

పుల్లలు కూడా అన్నీ నిటారుగా ఉండవు. ప్యాకెట్లోంచి తీసి నేల మీద దొర్లించి చూడండి, ఎగురుతూ దొర్లేది వంకర పుల్ల, నునుపుగా దొర్లేది మనది. దొరికిన దాన్ని 14 సెంటీమీటర్లకు కోసి, ఉప్పుకాగితంతో పీచు లేకుండా రుద్దండి. ఎడ్లబండి ఉన్న రోజుల్లో ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు కందెన వేసేవాళ్లు. ఈ బండికి నూనె వద్దు, కాగితం గొట్టం నానుతుంది, పైగా నూనె రబ్బరుకు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొవ్వొత్తి ముక్కను పుల్ల మీద రుద్దండి, లేదా పెన్సిల్ ముల్లును అరగదీసిన పొడి గొట్టంలో వేయండి. అదే మన కందెన.

చక్రాలు

సీడీ అడ్డం 12 సెంటీమీటర్లు, మధ్యలో బెజ్జం ఒకటిన్నర సెంటీమీటర్లు. మన పుల్ల 3 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ బెజ్జాన్ని మూసి సరిగ్గా నడిమధ్యలో సన్న బెజ్జం పెట్టాలి. నీళ్ల సీసా మూత అతికించమని చాలామంది చెప్తారు. మూత ప్లాస్టిక్‌కు జిగురు సరిగా పట్టదు, రెండు రోజుల్లో ఊడొస్తుంది, దాని నడిమధ్య ఎక్కడో కనుక్కోవడం ఇంకో తలనొప్పి.

నేను చేసే పద్ధతి ఇది. అట్ట మీద వృత్తలేఖినితో రెండున్నర సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. ముల్లు తీయకుండా, అదే కేంద్రం మీద ఏడున్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఇంకో చిన్న వృత్తం గీయండి. పెద్ద వృత్తం వెంట కోసి బిళ్ల తీయండి. ఇప్పుడు ఆ చిన్న వృత్తం సీడీ బెజ్జం అంత సైజులోనే ఉంటుంది, బిళ్లకు చిన్న వృత్తం చుట్టూ బయట ఫెవికాల్ పూసి సీడీని దాని మీద పెడితే బెజ్జం లోంచి చిన్న వృత్తం గీత కనపడుతుంది. గీతా బెజ్జం అంచూ చుట్టూతా కలిసేలా జరిపి వదిలేయండి. వృత్తలేఖిని ముల్లు చేసిన గుంటే మీ నడిమధ్య. వెతికే పని లేదు, కొలిచే పని లేదు. ఒక్కో సీడీకి రెండు వైపులా ఒక్కో బిళ్ల పెడితే పుల్లను రెండు చోట్ల పట్టుకుని చక్రం ఊగదు. రెండో బిళ్ల పెట్టేటప్పటికి బెజ్జం మూసుకుపోయి గీత కనపడదు కాబట్టి, మొదటి బిళ్ల గుంటలోంచి ముల్లు గుచ్చి దాన్ని రెండో బిళ్ల గుంటలోకి దించి అతికించండి. మొత్తం ఎనిమిది బిళ్లలు, విసుగే, కానీ చేయండి.

ఆరాక ముల్లుతో గుంటను కొద్దికొద్దిగా పెద్దది చేసి పుల్లను బిగుతుగా దూర్చండి. వరస ఇట్లా ఉండాలి: చక్రం, పూస, గొట్టం, మళ్లీ పూస, మళ్లీ చక్రం. పూస లేకపోతే సీడీ పోయి బాడీని రాసుకుంటుంది. పూసకూ గొట్టానికీ మధ్య ఒక మిల్లీమీటరు సందు వదలండి. చక్రం నిటారుగా ఉందో లేదో తిప్పి చూసుకుని, పుల్లా బిళ్లా కలిసే చోట బయటి వైపు జిగురు వేసి గట్టిగా బిగించండి. వెనక చక్రాలు పుల్లతో కలిసి తిరగాలి, పుల్ల మీద జారితే శక్తి అంతా అక్కడే పోతుంది.

సీడీని కత్తెరతో కోయాలని ఎవరైనా అంటే వద్దనండి, గాజులా పెచ్చులు లేచి కళ్లలోకి ఎగురుతాయి.

రబ్బరు కట్టే ముందు ఒక పరీక్ష. బండిని ఎత్తి పట్టుకుని చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోయండి. మూడు నాలుగు సెకన్లయినా తిరగాలి. తర్వాత పరీక్షలు రాసే అట్ట ఒకటి తీసుకుని, దాని కింద పుస్తకం పెట్టి వాలుగా చేసి బండిని వదలండి, తిన్నగా దిగాలి. ఈ రెండూ అవ్వకుండా రబ్బరు జోలికి పోవద్దు, ఎక్కడ పట్టుకుంటోందో చూసి సరిచేయండి. ఇక్కడ గంట పట్టినా పర్వాలేదు.

కొక్కెం, రబ్బరు

కేబుల్ టైని వెనక ఇరుసుకు సరిగ్గా గాడి మధ్యలో చుట్టి బిగించి, తోకను అర సెంటీమీటరు ఉంచి మిగతాది కత్తిరించండి. టై పుల్ల మీద తిరక్కుండా ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి, ఇక్కడ గొట్టం దూరంగా ఉంది కాబట్టి భయం లేదు. ఆ అర సెంటీమీటరు తోకే కొక్కెం.

ముందు అంచు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర, అంటే ముందు ఇరుసుకు కొంచెం వెనగ్గా, బాడీ మధ్యలో పెన్సిల్ దూరేంత బెజ్జం చేయండి. అట్ట చినగకుండా చుట్టూ రెండు పొరలు టేపు వేయండి. రెండు రబ్బరు బ్యాండ్లను ఒకదాంట్లో ఒకటి దూర్చి ముడిలా లాగి గొలుసు చేయండి. గొలుసు ఒక చివరను కింద నుంచి బెజ్జంలోకి పైకి తెచ్చి, ఆ ఉచ్చులో అగ్గిపుల్ల దూర్చి వదిలితే అగ్గిపుల్ల అడ్డుపడి రబ్బరు కిందకి జారదు. రెండో చివర బాడీ కింద నుంచే వెనక ఇరుసు వైపు వస్తుంది. సాగదీయకుండా పట్టుకుంటే అది ఇరుసుకు ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువలో ఆగాలి. మరీ పొడుగైతే వేలాడుతూ నేలకు రాసుకుంటుంది, మరీ పొట్టిదైతే నాలుగు చుట్లకే బిగిసిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. రబ్బరు చివరను ఇరుసుకు ముడి వేయొద్దు. కొక్కానికి తగిలించాలి, అంతే. ముడి వేస్తే ఏమవుతుందంటే, రబ్బరు మొత్తం విప్పుకున్నాక కూడా చక్రాలు ఊపులో ఇంకా తిరుగుతుంటాయి కదా, అప్పుడు రబ్బరు మళ్లీ ఎదురు వైపు చుట్టుకోవడం మొదలుపెడుతుంది, బ్రేకు పడుతుంది, బండి ఆగి వెనక్కి వస్తుంది. మా రెండో బండి చేసింది ఇదే. "ఏంది మామా, ఎనక్కొస్తంది!" అని మావాడు ఆశ్చర్యపోయాడు, రెండు రోజులు మాకు కారణం తట్టలేదు. కొక్కెం అయితే చివరి చుట్టు విప్పుకోగానే ఉచ్చు దానంతటదే జారిపోతుంది, అక్కడి నుంచి బండి స్వేచ్ఛగా దొర్లుకుంటూ పోతుంది. అసలు దూరం వచ్చేది ఆ దొర్లుడులోనే.

నడపడం

రబ్బరు ఉచ్చును కొక్కానికి తగిలించి, ఒక వేలితో పట్టి, వెనక చక్రాన్ని వెనక్కి తిప్పండి, అంటే చక్రం పై అంచు బండి వెనక వైపుకు పోవాలి. రబ్బరు ఇరుసు పై నుంచి చుట్టుకుంటుంది. ఇదే సరైన వైపు, ఎందుకంటే వదిలినప్పుడు రబ్బరు ఇరుసు పై భాగాన్ని ముందుకు లాగుతుంది, చక్రం ముందుకు దొర్లుతుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి పడేలా చూడండి, ఒకదాని మీద ఒకటి కుప్ప పడితే విప్పుకునేటప్పుడు చిక్కుకుంటుంది. మొదటిసారి ఆరు చుట్లు చాలు. బాగా పోతే పది, తర్వాత పన్నెండు. ముఖం దగ్గర పెట్టుకుని చుట్టకండి, రబ్బరు తెగితే కంటికి తగులుతుంది.

చక్రాన్ని పట్టుకుని నేల మీద పెట్టి వదిలేయండి. తోయొద్దు.

లెక్క చూడండి. సీడీ చుట్టుకొలత దాదాపు 38 సెంటీమీటర్లు. ఇరుసు ఒక చుట్టు తిరిగితే బండి అంత దూరం పోతుంది. పన్నెండు చుట్లు అంటే నాలుగున్నర మీటర్లు, రబ్బరు లాగే దూరం అది, ఆ పైన దొర్లేది అదనం. ఇంట్లో రెండడుగుల టైల్స్ ఉంటే టేపు కూడా అక్కర్లేదు, టైల్స్ లెక్కపెట్టండి, ఒక్కోటి 60 సెంటీమీటర్లు.

పోకపోతే

చక్రాలు గిర్రున తిరిగి బండి అక్కడే ఉందా? అది జారుడు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచిన ఇళ్లలో ఇది తప్పదు, అద్దంలాంటి నేల, సీడీ అంచు కూడా నున్నన, పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద బెలూన్ తీసుకుని మూతీ అడుగూ కత్తిరించేసి, మధ్య పట్టీని వెనక సీడీ అంచుకు టైరులా తొడగండి. వెనక రెండు చక్రాలకే. ముందు చక్రాలకు వద్దు, అక్కడ పట్టు అవసరం లేదు. మా పాత ఇంట్లో నాపరాళ్లు, వాటి మీద బెలూన్ లేకుండానే పోయింది, కాకపోతే రాయికీ రాయికీ మధ్య సందుల్లో ఎగిరెగిరి పడింది.

చక్రాలు అసలు తిరగకపోతే రబ్బరు విప్పేసి మళ్లీ వేలితో తిప్పి చూడండి. రబ్బరు లేనప్పుడు తిరిగి, రబ్బరు కట్టాక తిరగకపోతే రబ్బరు మరీ లావుది. ఇది చాలామందికి తట్టదు: రబ్బరు ఇరుసును తిప్పడమే కాదు, దాన్ని ముందుకు లాగి గొట్టం గోడకేసి అదుముతుంది కూడా. ఎంత లావు రబ్బరు వేస్తే అంత అదుముడు, అంత రాపిడి. అందుకే రబ్బరు పెంచేకొద్దీ బండి బాగుపడదు.

బండి ఒక పక్కకు తిరుగుతుంటే ఇరుసులు సమాంతరంగా లేవు. ఎడమకు పోతుంటే ముందు గొట్టాన్ని ఊడదీసి, ముందు చక్రాలు కుడి వైపుకు చూసేలా వెంట్రుకవాసి తిప్పి అతికించండి. చుట్టడం మొదలుపెట్టగానే ఉచ్చు జారిపోతుంటే టై తోక ఎదురు వైపుకు వాలి ఉంది, వేడి చేసి వంచండి. నాలుగు మీటర్ల దగ్గర ఠక్కున ఆగిపోతే ఉచ్చు కొక్కెం నుంచి జారట్లేదు, తోక పొడవు తగ్గించండి.

ఇంకా దూరం పోవాలంటే, ఇంకా బరువు లాగాలంటే

మావాడికి బండి పరిగెత్తగానే దాని మీద బరువు పెట్టాలనిపించింది, రెండు బలపాల పెట్టెలు పెట్టాడు, కదల్లేదు. అప్పుడు ఇరుసు మధ్యలో, కొక్కెం పక్కన టేపు చుట్టి పెన్సిలంత లావు చేశాం. బలపాలతో సహా కదిలింది, కానీ దూరం సగం కూడా రాలేదు. ఇరుసు లావైతే రబ్బరుకు పట్టు ఎక్కువ దొరుకుతుంది, తిప్పే బలం పెరుగుతుంది. కానీ అదే పొడవు రబ్బరుకు చుట్లు తక్కువ పడతాయి. ఇరుసు సన్నగా ఉంటే చుట్లు ఎక్కువ, దూరం ఎక్కువ, లాగే బలం తక్కువ. బండలాగుడు పోటీల్లో మన ఒంగోలు గిత్తలు టన్నుల కొద్దీ బరువున్న బండను లాగుతాయి, గుర్రంలా దౌడు తీయవు. రబ్బరులో మీరు దాచిన శక్తి అంతే ఉంటుంది, దాన్ని బలంగా ఖర్చుపెట్టాలా దూరంగా ఖర్చుపెట్టాలా అనేది ఇరుసు మందం దగ్గర మీరు తీసుకునే నిర్ణయం. మావాడికి స్కూల్లో శక్తి నిత్యత్వం పాఠం అయిపోయింది, పరీక్ష కూడా రాశాడట, కానీ వాడికి అది అర్థమైంది ఆ టేపు చుట్టినప్పుడే అని నా నమ్మకం.

మార్పులు చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇరుసూ మార్చి, రబ్బరూ మార్చి, బెలూనూ తొడిగితే ఏది పనిచేసిందో తెలియదు. మార్చిన ప్రతిసారీ మూడుసార్లు వదిలి, మూడు దూరాలూ సుద్దముక్కతో నేల మీదే రాసుకోండి.

మన ఎండల్లో రబ్బరు

పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా మారుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే ఆ గుణం పోతుందని కనుక్కున్నాడు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1845లో, లండన్‌లో స్టీఫెన్ పెర్రీ రబ్బరు బ్యాండుకు పేటెంట్ తీసుకున్నాడు. అంత చేసినా ఎండా గాలీ రబ్బరును మెల్లగా తినేస్తూనే ఉంటాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మిద్దె మీద వదిలేసిన రబ్బరు బ్యాండు సాగదీస్తే పుటుక్కున తెగుతుంది, చూసే ఉంటారు. బండికి వేసే ముందు సాగదీసి వెలుతురులో చూడండి, సన్న పగుళ్లు కనపడితే పక్కన పెట్టేయండి. మిగిలినవి మూత ఉన్న డబ్బాలో కాస్త పౌడర్ చల్లి నీడలో ఉంచండి.

ఒకటి చేసి చూడండి, పిల్లలకు చాలా నచ్చుతుంది. లావు రబ్బరు బ్యాండును పెదవికి ఆనించి ఠక్కున సాగదీయండి, వెచ్చగా తగులుతుంది. సాగదీసి కొద్దిసేపు ఆగి, ఒక్కసారిగా వదులు చేసి మళ్లీ ఆనించండి, చల్లగా ఉంటుంది. తెగుతుందన్న అనుమానం ఉన్న పాత రబ్బరుతో మాత్రం చేయకండి.

ఇంకొకటి, చుట్టిన బండిని ఫొటోల కోసమో అందరూ వచ్చేదాకో ఆపి ఉంచొద్దు. సాగదీసి ఉంచిన రబ్బరు నిమిషాలు గడిచేకొద్దీ పట్టు కోల్పోతుంది. స్కూల్లో చూపించేటట్టయితే సార్ ముందుకు వెళ్లాకే చుట్టండి, సంచిలో రెండు కొత్త రబ్బర్లు, కొవ్వొత్తి ముక్క, ఒక బెలూన్ ఉంచుకోండి.

మా మూడో బండి ఇప్పటిదాకా పోయిన ఎక్కువ దూరం పదకొండు టైల్స్, వరండాలో. మావాడు అది చాలదంటున్నాడు. తాటి బుర్రలు పచ్చివి బరువు కాబట్టి ఈ బండికి పనికిరావని చెప్పాను, ఎండితే తేలికవుతాయి కదా మామా అని నాలుగు తెచ్చి మిద్దె మీద ఆరేశాడు.